నగరం అంచున మిగిలిన ప్రకృతిపై పీహెచ్‌డీ చేయాలంటే

మే నెల, పొద్దున్న ఆరు గంటలు. శంకర్‌పల్లి రోడ్డు పక్కన కొత్తగా వేసిన ఒక వెంచర్‌లో నిలబడి ఉన్నాను. హద్దురాళ్ళకి వేసిన సున్నం ఇంకా తెల్లగా మెరుస్తోంది. రెండు రాళ్ళ మధ్య, ఎర్ర కంకర మీద అరచేతి వెడల్పు గుంటలో నాలుగు గుడ్లు కనిపించాయి. మట్టిరంగు, పైన నల్లటి మచ్చలు. సన్నటి కొనలన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి. తీతువు పిట్ట నా తల చుట్టూ తిరుగుతూ గొంతు చించుకుంటోంది. అవతల గట్టు మీద జేసీబీ ఆగి ఉంది, డ్రైవరు ఇంకా రాలేదు.

ఆ రోజు నోట్‌బుక్‌లో రెండు ప్రశ్నలు రాసుకున్నాను. ఈ పిట్టకి ఇక్కడ ఏ నేల, ఎంత మిగిలితే చాలు? ఆ నేలని మిగల్చమని ఎవరికి, ఏ కాగితం మీద చెప్పాలి? తర్వాత నా థీసిస్ మొత్తం ఈ రెండిటి చుట్టూనే తిరిగింది. జీవవైవిధ్య పరిరక్షణ ప్రణాళికలో పీహెచ్‌డీ చేయాలనుకుంటున్న మీరు కూడా ఈ రెండు ప్రశ్నల్నీ జంటగా పట్టుకోండి. మొదటిది ఒక్కటే ఉంటే అది జంతుశాస్త్రం అవుతుంది. రెండోది ఒక్కటే ఉంటే పట్టణ ప్రణాళిక అవుతుంది. మన రాష్ట్రాల్లో రెండూ తెలిసినవాళ్ళు చాలా తక్కువ. ఖాళీ ఉన్నది సరిగ్గా అక్కడే.

ప్రణాళిక అంటే ఏ జీవి ఎక్కడుందో లెక్కపెట్టి ఊరుకోవడం కాదు. అన్నిటినీ కాపాడేంత డబ్బు, నేల, సిబ్బంది ఎప్పుడూ ఉండవు. అందుకని ఏ చోటుని ముందు కాపాడాలి, ఎక్కడ చిన్న కట్టుబాటు పెడితే చాలు, ఎక్కడ రోడ్డుని కాస్త పక్కకి జరిపితే సరిపోతుంది అని తేల్చాలి. నల్లమలలో చేసే పనికీ నగరం అంచున చేసే పనికీ తేడా నేల ధరలో ఉంది. ఇక్కడ గజం ధర ఆరు నెలలకోసారి మారుతుంది. మీ సర్వే పూర్తయ్యేలోపే మీరు సర్వే చేసిన చోటు మాయమైపోవచ్చు.

జువాలజీ, బోటనీ, పర్యావరణ శాస్త్రం చదివినవాళ్ళకే ఇందులో చోటుందనుకోకండి. ఫారెస్ట్రీ, జాగ్రఫీ, రిమోట్ సెన్సింగ్, ప్లానింగ్, సోషియాలజీ, న్యాయశాస్త్రం చదివినవాళ్ళు కూడా రావచ్చు. మీకు రాని సగాన్ని నేర్చుకునే ఓపిక ఉంటే చాలు.

1. టాపిక్ కన్నా ముందు చోటు

చాలామంది నోటిఫికేషన్ వచ్చాక టాపిక్ వెతుకుతారు. ముందు చోటు ఎంచుకోండి. తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ఎక్కేలోపు చేరుకోగలిగిన చోటై ఉండాలి. నాలుగైదేళ్ళపాటు వందలసార్లు వెళ్ళాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి కొదవే లేదు. వనస్థలిపురంలో కృష్ణజింకల కోసం ఏర్పడిన మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు దగ్గర మృగవని, నగరం మధ్యలో సుమారు 390 ఎకరాల కేబీఆర్ పార్కు, ఈ మూడూ జాతీయ ఉద్యానాలే. అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో నగర పరిధిలోని ఒక చెరువుకి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. విశాఖలో ఉంటే కంబాలకొండ అభయారణ్యం ఊరిని ఆనుకునే ఉంది, అనకాపల్లి వైపు వెళ్తే కొండకర్ల ఆవ ఉంది. తిరుపతిలో ఉంటే శేషాచలం కొండలు గుమ్మం ముందే ఉన్నాయి.

పేరున్న చోట్ల కన్నా నాకు పేరులేని చోట్ల మీదే మక్కువ ఎక్కువ. కంచెలు (పశువులు మేసే బీళ్ళు), బంచరాయి, చెరువు శిఖం (నీళ్ళు నిలిచే) భూములు, పోరంబోకు, బండరాళ్ళ గుట్టలు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఆ గ్రానైట్ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. వాటి సందుల్లో ఉడుములు, కలివి పొదల కింద కౌజు పిట్టలు, తంగేడు చెట్ల మధ్య ముంగిసలు తిరుగుతుంటాయి. రికార్డుల్లో మాత్రం ఇవన్నీ బంజరు. బంజరు అని రాసి ఉన్న చోట ఏముందో చూపించడమే ఒక పీహెచ్‌డీకి సరిపోయే పని. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఆపించడం మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి వివాదం వచ్చాక ఆదరాబాదరాగా జాతుల జాబితాలు తయారుచేయడం కన్నా, ముందునుంచీ ఎవరో ఒకరు ఓపిగ్గా లెక్కలు రాసి ఉంచడం ఎంత అవసరమో అప్పుడు అందరికీ తెలిసింది.

చోటు ఎంచుకున్నాక మూడు నెలలపాటు వారానికి ఒక్కసారైనా వెళ్ళండి. అదే దారిన, అదే వేళకి నడవండి. చూసిన పక్షుల్ని ఈబర్డ్ వెబ్‌సైట్‌లో, మిగతా జీవుల్ని ఐనాచురలిస్ట్‌లో నమోదు చేయండి. తేదీ, సమయం, ఎంతసేపు నడిచారు అన్న మూడూ తప్పకుండా ఉండాలి. ఏమీ కనబడని రోజు కూడా రాయండి, ఆ సున్నా కూడా డేటాయే.

అక్కడి మనుషులతో మాట్లాడండి. ఒక గొర్రెల కాపరి తాత నాకు పూడిపోయిన కాలువ ఎక్కడుండేదో కర్రతో చూపించాడు: "గా బండ కాడికెల్లి నీళ్ళు ఒర్రెలకు దూకుతుండె బిడ్డా, ఇప్పుడు గాడ గోడ కట్టిండ్రు." తర్వాత పాత టోపోషీట్ (ప్రభుత్వ సర్వే మ్యాపు) తెచ్చి పరిస్తే నీలిగీత సరిగ్గా ఆ బండ పక్కనుంచే పోయింది. అలుగు (చెరువు నిండాక నీళ్ళు పొర్లే చోటు), తూము, శిఖం, ఒర్రె (చిన్న వాగు), ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు చేరే గీత) లాంటి మాటలన్నీ మీకు కొట్టినపిండి కావాలి. తహసీల్దారు ఆఫీసులో మీ పని నడిచేది ఆ మాటలతోనే.

2. ఇష్టాన్ని ప్రశ్నగా మార్చడం

"హైదరాబాద్ చెరువుల జీవవైవిధ్యంపై అధ్యయనం" అన్నది టాపిక్ కాదు, ఫైలు మీద అతికించే చీటీ. ప్రశ్న అంటే, దానికి జవాబు దొరికితే ఎవరో ఒకరు ఏదో ఒక నిర్ణయం మార్చుకోగలగాలి. మన దగ్గరే ఉన్న మూడు సంగతులు చూడండి.

గొలుసుకట్టు చెరువుల సంగతి తీసుకోండి. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. మధ్య కాలువ పూడిపోతే నీళ్ళతోపాటు చేపలు, కప్పలు, నీటిమొక్కల విత్తనాలు కూడా ఆగిపోతాయి. ఏ కాలువ ముక్కల్ని తిరిగి తెరిస్తే, తక్కువ ఖర్చుతో ఎక్కువ చెరువులు మళ్ళీ కలుస్తాయి? ఇది లెక్కకట్టగల ప్రశ్న. జవాబు దొరికితే నీటిపారుదల ఇంజినీరు కూడా వింటాడు.

రెండోది బఫర్. హైదరాబాద్ మహానగర పరిధిలో 25 ఎకరాలు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలని భవన నిర్మాణ నిబంధనలు చెబుతాయి. ఆ 30 మీటర్లు నారాయణ పక్షికి చాలా? గట్టు మీద మనిషి కనబడితే అది ఎంత దూరంలో ఉండగానే ఎగిరిపోతుంది? టేపు, బైనాక్యులర్, రెండు చలికాలాలు ఉంటే మొదలుపెట్టవచ్చు.

మూడోది జీవో 111. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలకి పరిమితులు పెడుతూ 1996లో ఆ జీవో వచ్చింది. 2022లో జీవో 69తో ఆంక్షలు సడలించారు. దాదాపు పాతికేళ్ళు ఒక గీత లోపల ఒక రూలు, బయట మరో రూలు నడిచాయి. ఆ గీతకి అటూ ఇటూ ఉన్న పొలాల్లో, కంచెల్లో ఏ జీవులు మిగిలాయో పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి అవకాశం ఎక్కడా దొరకదు. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు అయిపోయింది, సుమారు 340 కిలోమీటర్ల రీజినల్ రింగ్ రోడ్డు వస్తోంది. పదేళ్ళు పోతే పోల్చడానికి ఏమీ మిగలదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నగరం చుట్టూ పచ్చదనం పెంచడం అంటే చెట్లు నాటడమే అనుకుంటారు. గడ్డి నేలల్లో, రాతినేలల్లో గుంటలు తీసి మొక్కలు నాటితే తీతువు, కౌజు, కృష్ణజింకల ఇల్లు పోతుంది. సర్కారు తుమ్మ కమ్మేసిన కంచెల్లో ఇప్పటికే ఆ నష్టం చూస్తున్నాం. ఎక్కడ నాటకూడదో చెప్పే మ్యాపు ఒక్కటి మీ థీసిస్‌లో ఉన్నా అది గొప్ప పనే.

3. చేతికి పని రావాలి

మూడు నైపుణ్యాలు కావాలి. ఒక జీవసమూహాన్ని తప్పులేకుండా గుర్తుపట్టడం, మ్యాపులు తయారుచేయడం, గణాంకాలు. మొదటిది ఫీల్డులోనే వస్తుంది. మ్యాపులకి క్యూజీఐఎస్, గణాంకాలకి ఆర్ అనే సాఫ్ట్‌వేర్లు, రెండూ ఉచితమే. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో ఉచితంగా దొరుకుతాయి. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచీ ఉన్నాయి కాబట్టి మీ చెరువు నలభై ఏళ్ళ కిందట ఎలా ఉందో చూడవచ్చు. మన బాలానగర్‌లోనే ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) వారి భువన్ పోర్టల్‌లో నేల వాడకం మ్యాపులున్నాయి. వీటి మీద గ్రామ నక్షా పరిచి సర్వే నంబర్లు కలపడం నేర్చుకోండి. ఉపగ్రహ చిత్రం చూపించే పచ్చదనం ఏ సర్వే నంబరులో ఉందో చెప్పలేకపోతే ఏ అధికారీ మీ మ్యాపుని వాడలేడు.

ప్రణాళికకంటూ ప్రత్యేకంగా ఉన్న సాఫ్ట్‌వేర్లలో మార్క్సాన్ పేరు మొదట వింటారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో పుట్టింది. 2004లో గ్రేట్ బారియర్ రీఫ్‌ని మళ్ళీ జోన్లుగా విభజించినప్పుడు వాడారు. అది చేసే పని మాటల్లో తేలికే. నేలని ముక్కలుగా విడగొట్టి ప్రతి ముక్కలో ఏ జీవులున్నాయో, దాన్ని కాపాడటానికి ఎంత ఖర్చో చెబుతారు. ప్రతి జీవికీ ఇంత నేల కావాలని లక్ష్యం పెడతారు. లక్ష్యాలన్నీ నెరవేరుతూ అతి తక్కువ ఖర్చయ్యే ముక్కల గుంపుని అది వెతికిపెడుతుంది. హెల్సింకీ యూనివర్సిటీ వారి జోనేషన్, ఆర్‌లో నడిచే ప్రయారిటైజర్ కూడా ఇలాంటివే. ప్రయారిటైజర్‌తో మొదలుపెట్టండి, నేర్చుకునే పాఠాలు బాగున్నాయి.

4. అర్హత, పరీక్షలు

2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకి 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం వచ్చినవాళ్ళు పీజీ లేకుండానే దరఖాస్తు చేయవచ్చు. చేరాక కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్ళు పొడిగించవచ్చు, ఆడవాళ్ళకీ దివ్యాంగులకీ దానిపైన ఇంకో రెండేళ్ళ వెసులుబాటు ఉంది. ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు తీసుకోవచ్చు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో చేరడానికీ వీలుంది, ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తేవాలి.

పరీక్షల్లో ముఖ్యమైనవి సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్, యూజీసీ నెట్‌లో పర్యావరణ శాస్త్రం. 2024 నుంచి నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాకపోయినా "పీహెచ్‌డీకి మాత్రమే" అన్న అర్హత వస్తుంది. దానితో చేరేవాళ్ళకి నెట్ మార్కులకి 70, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఈ స్కోరు ఏడాదిపాటే చెల్లుతుంది, మర్చిపోకండి. గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్ ఒకటుంది. మన కాలేజీల్లో దాని పేరు విన్నవాళ్ళు కూడా తక్కువే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకి ఏపీఆర్‌సెట్ చూసుకోండి.

5. ఎక్కడ

సంస్థ పేరు కన్నా గైడ్ ముఖ్యం. అయినా ఎక్కడ వెతకాలో తెలియాలి కదా. హైదరాబాద్‌లో సీసీఎంబీకి అనుబంధంగా అత్తాపూర్‌లో లాకోన్స్ ఉంది. జన్యు పద్ధతులతో వన్యప్రాణుల మీద పని చేయాలనుకునేవాళ్ళకి సరైన చోటు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో ఐసర్, ఎస్వీ యూనివర్సిటీ ఉన్నాయి. ప్లానింగ్ వైపు నుంచి రావాలంటే విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) చూడండి. బెంగళూరులో పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ, ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్, జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ ఉన్నాయి. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కోయంబత్తూరు దగ్గరి పక్షుల పరిశోధన సంస్థ సాకోన్ 2023 నుంచి అందులో భాగం.

నా సలహా ఏమిటంటే, ఇద్దరు గైడ్‌లు ఉండేలా చూసుకోండి. ఒకరు జీవావరణం తెలిసినవాళ్ళు, మరొకరు ప్రణాళిక లేదా రిమోట్ సెన్సింగ్ తెలిసినవాళ్ళు. వేరే సంస్థలోని వారిని కో-గైడ్‌గా పెట్టుకోవడానికి చాలాచోట్ల వీలుంది.

6. గైడ్‌కి రాసే ఉత్తరం

మొదటి ఏడాది నేను ఒకే ఉత్తరాన్ని పేరు మాత్రం మార్చి ముప్ఫై మందికి పంపాను. జవాబిచ్చింది ఇద్దరే. రెండో ఏడాది ఆరుగురికే రాశాను, నలుగురు పలికారు. "చిన్నప్పటి నుంచీ ప్రకృతి అంటే ప్రాణం" అన్న వాక్యం తీసేసి, నేను చూసింది రాశాను. తేడా అంతే.

మీరు ఇంగ్లీషులో రాసే ఉత్తరంలో సారం ఇలా ఉండాలి: "సంగారెడ్డి జిల్లాలో ఒకే గొలుసులోని మూడు చెరువుల్ని 14 నెలలుగా నెలకి రెండుసార్లు చూస్తున్నాను. పై చెరువులో కనబడే నీటిపక్షుల్లో చాలావరకు కింది చెరువులో కనబడటం లేదు. మధ్య కాలువ 600 మీటర్ల మేర పూడిపోయింది, కింది చెరువులోకి మురుగునీరు కూడా వస్తోంది. కారణం ఈ రెండిటిలో ఏదో తేల్చాలని ఉంది. మీరు ఫలానా పనిలో వాడిన పద్ధతి ఇంత చిన్న చెరువులకి పనికొస్తుందా? నా డేటా, రెండు మ్యాపులు జతచేశాను. నెట్ అర్హత ఉంది."

ఒక పేజీ దాటకూడదు. రెండు వారాలు చూసి ఒకసారి గుర్తుచేయండి. గైడ్ ఒప్పుకునేముందు ఆయన లేదా ఆవిడ దగ్గర ఇప్పుడు చేస్తున్న స్కాలర్లతో ఫోన్‌లో మాట్లాడండి. డ్రాఫ్టు ఇస్తే ఎన్నాళ్ళకి చదువుతారు, ఫీల్డుకి ఎప్పుడైనా వస్తారా, ముందు చేరినవాళ్ళు ఎన్నేళ్ళలో పూర్తిచేశారు అని అడగండి. మొహమాటపడితే ఆరేళ్ళు బాధపడాల్సి వస్తుంది.

7. డబ్బు

జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్ళు నెలకి 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో)గా 42,000. హెచ్‌ఆర్‌ఏ దీనికి అదనం. పీజీలో యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు వస్తే ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కి దరఖాస్తు చేయవచ్చు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకి జాతీయ ఫెలోషిప్‌లు విడిగా ఉన్నాయి. ఫెలోషిప్ ఏదీ లేకపోతే గైడ్ ప్రాజెక్టులో ప్రాజెక్ట్ అసోసియేట్‌గా చేరి, అక్కడినుంచి పీహెచ్‌డీకి మారే దారి ఉంది. చాలామంది అలాగే వచ్చారు.

ఫెలోషిప్ చేతికొచ్చేసరికి ఆలస్యం కావచ్చు. నాకు మొదటి విడత ఏడు నెలలకి వచ్చింది. ఏ ఆఫీసులో ఆగిందో తెలుసుకోవడానికే రెండు నెలలు పట్టింది. అద్దె, పెట్రోలు, మెస్ బిల్లు, అన్నిటికీ ఇంట్లో అడగాల్సి వచ్చినప్పటి టెన్షన్ ఇంకా గుర్తుంది. చేరేముందు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. ప్రతి నెలా హాజరు సర్టిఫికెట్, జాయినింగ్ రిపోర్టు కాపీ, బ్యాంకు వివరాలు మీ దగ్గర స్కాన్ చేసి పెట్టుకోండి.

8. విదేశాల దారి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇక్కడ ఏడాది ఫీల్డు డేటా చేతిలో ఉన్నవాళ్ళకి బయట విలువ ఎక్కువ. జర్మనీ, నెదర్లాండ్స్, స్కాండినేవియా దేశాల్లో పీహెచ్‌డీ సీటు చాలావరకు జీతమొచ్చే ఉద్యోగం లాంటిది, ప్రకటన చూసి దరఖాస్తు చేయాలి. యురాక్సెస్ పోర్టల్‌ని వారానికోసారి చూడండి. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ ఆర్‌టీపీ స్కాలర్‌షిప్ ఫీజుతోపాటు జీవనభృతి కూడా ఇస్తుంది. ఇక్కడే పీహెచ్‌డీ చేస్తూ ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో పనిచేయాలంటే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది.

నగరం అంచు పరిరక్షణ నేర్చుకోవడానికి మెల్‌బోర్న్‌ని శ్రద్ధగా చదవండి. నగరం పెరగడానికి అనుమతిస్తూ, బదులుగా పడమటి వైపు 15,000 హెక్టార్ల గడ్డి నేలలు కొని 2020 కల్లా రిజర్వు చేస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. ఆ గడువు నాటికి కొన్నది సుమారు పదోవంతు. ఈలోగా నేల ధరలు పెరిగాయి, కొనని చోట్ల కలుపు కమ్మేసింది. కేప్‌టౌన్ తన ఊరి లోపల మిగిలిన ఫిన్‌బోస్ పొదల ముక్కల్ని ఒక వలగా కలిపి నగర ప్రణాళికలోనే చేర్చుకుంది. ఈ రెండు ఊళ్ళ అనుభవాన్ని మన కంచెల పక్కన పెట్టి చూస్తే మీ సినాప్సిస్‌కి (పరిశోధన ప్రతిపాదనకి) మంచి అధ్యాయం దొరుకుతుంది.

విదేశీ సంస్థలో చేరి ఇక్కడ ఫీల్డు వర్క్ చేస్తే, జీవ నమూనాలు బయటికి పంపడానికి జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి తప్పనిసరి. దీన్ని చివర్లో చూసుకుందాం అనుకోకండి.

9. అనుమతులు, క్షేమం

జాతీయ ఉద్యానం, అభయారణ్యంలో అధ్యయనానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. షెడ్యూల్ జీవుల్ని పట్టుకోవాల్సి వస్తే సెక్షన్ 12 కింద విడిగా అడగాలి. రిజర్వు ఫారెస్టుకి అటవీశాఖ, చెరువులకి నీటిపారుదల శాఖ, ప్రైవేటు భూమికి యజమాని.

నా దరఖాస్తు ఒక ఆఫీసులో మూడు నెలలు కదల్లేదు. చివరికి తేలిందేమిటంటే, నేను జతచేసిన మ్యాపులో అటవీశాఖ విభాగాలైన రేంజి, సెక్షన్, బీట్ పేర్లు లేవు. లేవని నాకు ఎవరూ చెప్పలేదు. అప్పటికి వానాకాలం అయిపోయింది, కప్పల సర్వే ఒక ఏడాది వెనక్కి పోయింది. కాబట్టి సినాప్సిస్ ఆమోదం పొందిన వారంలోనే దరఖాస్తు పెట్టండి. బీట్ పేర్లతో మ్యాపు, తేదీలు, మీతో వచ్చే మనుషుల వివరాలు, వాడే పరికరాల జాబితా అన్నీ జతచేయండి. పది రోజులకోసారి స్వయంగా వెళ్ళి కనుక్కోండి.

ఫీల్డులో ఒంటరిగా వద్దు. స్థానికంగా ఒకరిని రోజుకూలీ ఇచ్చి తోడు పెట్టుకోండి, అక్కడి సంగతులు మనకన్నా వారికే బాగా తెలుసు. సర్పంచ్‌కీ, దగ్గరి పోలీస్ స్టేషన్‌కీ యూనివర్సిటీ ముద్ర ఉన్న ఉత్తరం ముందే ఇవ్వండి. బైనాక్యులర్‌తో తెల్లవారుజామున తిరిగే మనిషిని చూసి భూముల సర్వే అనుకుని ఊరివాళ్ళు కంగారుపడటం సహజం. నగరం అంచున పెద్ద ప్రమాదం వీధికుక్కల గుంపులు. రేబిస్ ముందస్తు టీకాల గురించి డాక్టరుని అడగండి. రక్తపింజరి, కట్లపాము ఉండే చోట్లు కాబట్టి చీలమండ దాటే బూట్లు, టార్చి లేకుండా గడ్డిలోకి దిగకండి.

10. ఋతువుల్ని బట్టి నడవాలి

యూనివర్సిటీ క్యాలెండరు సెమిస్టర్ల ప్రకారం నడుస్తుంది, మీ పని కార్తెల ప్రకారం నడుస్తుంది. మొదటి ఏడాది కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్క్ ఉంటుంది. ఆ సమయంలోనే పాత మ్యాపులు, ఉపగ్రహ చిత్రాల పని పూర్తిచేసి, సెలవురోజుల్లో పైలట్ సర్వే చేయండి. తొలకరి నుంచి సెప్టెంబరు వరకు కప్పలు, గడ్డి, నీటిమొక్కలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వలస పక్షులు. మార్చి తర్వాత తీతువుల గూళ్ళు, ఎండిన చెరువు నేల కొలతలు. ప్రతి ఋతువూ కనీసం రెండుసార్లు మీ డేటాలో రావాలి. ఒక ఏడాది వానలు ఎగ్గొడితే మూడోసారీ కావాల్సి వస్తుంది, అందుకే నాలుగో ఏడాదిలో కాస్త ఖాళీ ఉంచుకోండి. రాయడం చివరికి నెట్టకండి. ఫీల్డు నుంచి వచ్చిన రాత్రే ఒక పేరా రాయండి.

11. మ్యాపు ఎవరి చేతికి వెళ్ళాలి

మొదట్లో చెప్పిన రెండో ప్రశ్న ఇక్కడికి తెస్తుంది. 2022 కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందంలో 12వ లక్ష్యం నగరాల్లోని పచ్చని, నీటి ప్రదేశాల గురించే. 1వ లక్ష్యం నేల వాడకం ప్రణాళికలో జీవవైవిధ్యాన్ని చేర్చమంటుంది. సినాప్సిస్‌లో వీటిని చూపించండి. అసలు పని జరిగేది మాత్రం కింది స్థాయిలోనే. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ ఊరి రిజిస్టరు తెరిచి చూడండి, మీ జాబితాతో పోల్చండి, లేనివి చేర్పించండి. అమీన్‌పూర్‌లా ఒక చోటుకి వారసత్వ గుర్తింపు అడగాలంటే అదే చట్టంలో సెక్షన్ 37 ఉంది. ఆ దరఖాస్తుకి మీ థీసిస్ అధ్యాయమే ఆధారం అవుతుంది.

మాస్టర్‌ప్లాన్ ముసాయిదా బయటికొచ్చినప్పుడు అభ్యంతరాలు, సూచనలు చెప్పడానికి గడువు ఇస్తారు. థీసిస్ పూర్తయ్యేదాకా ఆగితే ఆ గడువు దాటిపోతుంది. సర్వే నంబర్లతో సహా రెండు పేజీల తెలుగు నోట్, ఒక మ్యాపు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. గడువులోపు రసీదు తీసుకుని ఇవ్వండి. ఒక కాపీ గ్రామపంచాయతీకి, ఇంకొకటి ఒర్రె చూపించిన తాతకి.

ఆ మే నెల పొద్దున్న జేసీబీ డ్రైవరు వచ్చాక గుడ్లు చూపించాను. ఆయన దిగి చూసి, చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టి, ఆ రోజుకి పని అవతలి వైపు నుంచి మొదలుపెట్టాడు. గూడు చుట్టూ పది అడుగుల నేల వదలాలని ఆయనకి ఎవరూ మ్యాపు ఇవ్వలేదు.